ఇంట్లో సంరక్షణ: ఆయాను వెతకడానికి ముందు, కుదుర్చుకున్న తరువాత

పక్షవాతం వచ్చిన తండ్రినో, తుంటి ఎముక విరిగిన తల్లినో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునే రోజున కుటుంబంలో అందరి నోటా వచ్చే ప్రశ్న, మంచి ఆయా ఎక్కడ దొరుకుతుంది అనేది. దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ మనిషికి రోజులో ఏ వేళకు, ఏ పనికి, ఎంత సాయం కావాలి? జబ్బు పేరు ఒకటే అయినా ఒకరు తమంతట తాము భోజనం చేయగలిగి కూడా మరుగుదొడ్డి వరకు నడవలేకపోవచ్చు. మరొకరు ఇల్లంతా తిరగగలిగినా పొయ్యి ఆర్పడం మరచిపోవచ్చు. మొదటివారికి పట్టుకుని లేపగల మనిషి ఉదయం మూడు గంటలు, సాయంత్రం ఒక గంట వస్తే సరిపోతుంది. రెండవవారికి బరువులెత్తే మనిషితో పని లేదు, కానీ పగలంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ తేడా తెలియకుండా ఇరవై నాలుగు గంటల మనిషిని పెట్టుకున్న ఇళ్లలో డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది, అవసరమైన వేళకు సాయం మాత్రం అందదు.

అందువల్ల మొదటి పని ఒక నోటుపుస్తకం తెరవడం. రెండు మూడు రోజుల పాటు నిద్ర లేచింది మొదలు మర్నాడు తెల్లవారే వరకు జరిగినవన్నీ వేళతో సహా రాయాలి: ఏ పని వారే చేసుకున్నారు, దేనికి చేయి అందించవలసి వచ్చింది, దేనిని పూర్తిగా ఇంకొకరు చేశారు, ఆ చేసినవారు ఎవరు. రాత్రి ఎన్నిసార్లు లేచారన్నది తప్పక రాయాలి, ఎందుకంటే మనిషిని పెట్టుకోవడంలో ఖర్చును నిర్ణయించేది చాలావరకు రాత్రే. వారే చేసుకోగలిగిన పనుల పట్టీ కూడా అంతే ముఖ్యం. గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టినా సరే, ఆ పావుగంట వారికి వదిలివేయాలి. తొందరపడి మనమే పెట్టేస్తూ పోతే కొద్ది వారాల్లో ఆ వేళ్లకు ఆ పని కూడా రాకుండా పోతుంది.

పట్టీ పూర్తయ్యాక దానిని మంచం మీద ఉన్న మనిషి ముందు పెట్టి అడగాలి. స్నానం ఎవరు చేయిస్తే ఇబ్బంది పడరు, ఉదయం కాఫీ ముందా ముఖం కడుక్కోవడం ముందా, పూజ ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట డైపర్ మార్చుకోవడం ఇష్టం లేదు అన్నవి డాక్టరు చెప్పలేని సంగతులు. దివ్యాంగులైన పెద్దల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వెన్నుపూస దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్న ముప్పై ఏళ్ల మనిషి శరీరానికి సాయం కావాలే తప్ప నిర్ణయాలకు కాదు. సహాయకుణ్ణి ఎంచుకునేది, పని చెప్పేది, వద్దనుకుంటే మాన్పించేది ఆయనే కావాలి. తల్లిదండ్రులు జీతం ఇస్తున్నంత మాత్రాన ఆ అధికారం వారి చేతికి రాదు.

డిశ్చార్జికి ముందు

ఆసుపత్రి వదిలే ముందు రోజును బిల్లుల చుట్టూ తిరగడంతో పోగొట్టుకోకూడదు. రైల్స్ ట్యూబు (ముక్కు గుండా కడుపులోకి వేసే గొట్టం) ద్వారా ఆహారం పోయడం, యూరిన్ పైపు సంచి ఖాళీ చేయడం, పక్కకు తిప్పడం, ఇన్సులిన్ వేయడం వంటివి ఇంట్లో ఎవరు చేయబోతున్నారో వారి చేత నర్సు ఎదుట ఒకసారి చేయించి చూడాలి. చూసి నేర్చుకోవడం వేరు, చేసి నేర్చుకోవడం వేరు. ట్యూబును, యూరిన్ పైపును మళ్లీ ఏ తేదీన మార్చాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి, ఏ మాత్ర నూరకూడదు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు డిశ్చార్జ్ సమ్మరీ వెనుక రాయించుకోవాలి. నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రలను నూరి ట్యూబులో వేస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్లే ప్రమాదం ఉంది కనుక మూడవ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు.

ఇంటిలో చేయవలసిన మార్పులు

మన ఇళ్లలో చక్రాల కుర్చీకి మొదటి అడ్డంకి గడప. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను తొలగించడానికి చాలామంది పెద్దలు ఒప్పుకోరు, ఒప్పించవలసిన అవసరం కూడా లేదు. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు అన్న లెక్కన రెండు వైపులా చెక్కతో వాలు చేయిస్తే చాలు. మూడు అంగుళాల గడపకు ఒక్కో వైపు మూడు అడుగుల వాలు పడుతుంది. రెండవ అడ్డంకి స్నానాల గది తలుపు. పాత ఇళ్లలో అది రెండు, రెండున్నర అడుగులకు మించి ఉండదు, మామూలు చక్రాల కుర్చీ అందులో పట్టకపోవచ్చు. కుర్చీ కొనే ముందు టేపుతో తలుపు కొలవడం మరచిన ఇళ్లు ఎన్నో. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించాలి. లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమైతే తెరవడం సాధ్యం కాదు.

కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడలోకి బిగించిన స్టీలు కడ్డీలు ఉండాలి. గోడకు అంటుకునే రబ్బరు కప్పుల రకం కడ్డీలను మనిషి బరువుకు నమ్మకూడదు. మంచం నుంచి మరుగుదొడ్డికి వెళ్లే దారిలో రాత్రంతా ఒక చిన్న దీపం వెలగాలి, జారే గుడ్డ పట్టాలు తీసివేయాలి. హాస్పిటల్ మంచం కొనడం కంటే మొదటి రెండు నెలలు అద్దెకు తీసుకోవడం మేలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో మంచం, ఆక్సిజన్ యంత్రం, ఎయిర్ బెడ్డు అన్నీ అద్దెకు దొరుకుతాయి. కొనలేని కుటుంబాల్లో అరవై నిండినవారికి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద, దివ్యాంగులకు సహాయక పరికరాలిచ్చే అడిప్ పథకం కింద చక్రాల కుర్చీ, వాకర్, వినికిడి యంత్రం వంటివి కేంద్ర ప్రభుత్వం తరఫున అందుతాయి. జిల్లా కేంద్రాల్లో శిబిరాలు జరిగినప్పుడు వీటిని పంచుతారు కనుక జిల్లా దివ్యాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందే పేరు నమోదు చేయించుకోవాలి.

మనిషిని కుదుర్చుకోవడం

ఇంటికి వచ్చి పనిచేసేవారు స్థూలంగా మూడు రకాలు. ఆయాలు, అటెండర్లు స్నానం, తిండి, బట్టలు మార్చడం, నడిపించడం చూస్తారు. ఏఎన్‌ఎం అనే ప్రాథమిక నర్సింగ్ కోర్సు చదివినవారు ఇంజెక్షన్లు, పుండ్లకు కట్లు వంటి పనులు నేర్చినవారు. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా లేదా బీఎస్సీ నర్సింగ్ చదివినవారు శ్వాసనాళం దగ్గర పెట్టిన గొట్టాన్ని చూసుకోవడం వంటి క్లిష్టమైన పనులకు తగినవారు. రోజుకు ఒక్క ఇంజెక్షన్ కోసం నర్సును పన్నెండు గంటలు కూర్చోబెట్టడం వృథా. ఆయాను పెట్టుకుని, ఇంజెక్షన్ కోసం దగ్గరలోని నర్సు వచ్చి వెళ్లేలా మాట్లాడుకోవచ్చు. దీనికి విరుద్ధంగా, ఆయా చేత ఇంజెక్షన్ వేయించి జీతం మిగుల్చుకోవడం ప్రమాదం. తప్పు జరిగితే ఆ భారం ఆమె మీద పడుతుంది, నష్టం రోగికి జరుగుతుంది.

ఏజెన్సీ ద్వారా తీసుకుంటే మనిషి రాని రోజున మరొకరిని పంపే బాధ్యత వారిది. నేరుగా కుదుర్చుకుంటే ఖర్చు తగ్గుతుంది, మనిషి నిలకడగా ఉంటుంది, కానీ ఆమె సెలవు పెడితే ఇల్లు స్తంభిస్తుంది. ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో మరొకరిని పంపుతారు? నెల మధ్యలో వద్దనుకుంటే, లేదా రోగి మళ్లీ ఆసుపత్రిలో చేరితే, కట్టిన సొమ్ములో ఎంత తిరిగి ఇస్తారు? మేం ఇచ్చే దానిలో ఆమె చేతికి ఎంత వెళుతుంది? చివరి ప్రశ్నకు చాలామంది తడబడతారు, అయినా అడగాలి. సగం సొమ్ము మధ్యలోనే ఆగిపోయే చోట మనిషి నిలవదు. జవాబులన్నీ కాగితం మీద ఉండాలి. ఆధార్ నకలు, ఫోటో తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం ఏజెన్సీ చేశామన్నా ఇంటివారు మళ్లీ చేయదగిన పని. ఇంట్లోని నగలు, చెక్కుపుస్తకాలు, ఏటీఎం కార్డు అందుబాటులో ఉంచకపోవడం అనుమానం కాదు. రేపు ఏదైనా కనిపించకపోతే నింద ముందు పడేది ఆమె మీదే కనుక అది ఆమెకూ రక్షణే.

పని హద్దులు మొదటి రోజే చెప్పుకోవాలి. రోగి బట్టలు ఉతకడం, రోగికి జావ కాచడం ఆమె పని. ఇంటిల్లిపాదికీ వంట, అంట్లు ఆమె పని కాదు. ఇరవై నాలుగు గంటల మనిషి అంటే ఇరవై నాలుగు గంటలూ మేలుకొని ఉండే మనిషి అని అర్థం కాదు. రాసుకున్న పట్టీలో రోగి రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నట్లు ఉంటే, పగలు ఒకరు, రాత్రి ఒకరు కావలసిందే. లేదా వారంలో కొన్ని రాత్రులు ఇంటివారు పంచుకోవాలి. ఆమెకు పడుకోవడానికి చోటు, భోజనం, మరుగుదొడ్డి, వారానికి ఒక సెలవు ముందే తేల్చాలి. ఆయాకు వేరే పళ్లెం, వేరే గ్లాసు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లి మలమూత్రాలు ఎత్తే చేతికి మన గ్లాసు అందించలేనివారికి మంచి మనిషి దొరకలేదని వాపోయే హక్కు లేదని నా అభిప్రాయం.

మంచం దగ్గర నిత్యం చూడవలసినవి

మంచం పట్టినవారికి జబ్బు కంటే ముందు ముప్పు తెచ్చేవి పడక పుండ్లు. ఒకే వైపు బరువు నిలిచినప్పుడు ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. నడుము కింది ఎముక, మడమలు, తుంటి, భుజాల వెనుక, తల వెనుక భాగం ముఖ్యంగా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్లే. చామనచాయ, నలుపు ఛాయ చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే ముదురుగా, వేడిగా, గట్టిగా తగిలినా అదే హెచ్చరిక. అటువంటి చోట నూనె పెట్టి మర్దన చేయడం మన అలవాటు, కానీ దానివల్ల లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. మధ్యలో రంధ్రం ఉన్న గాలి రింగులు కూడా వద్దు, అవి రింగు అంచున రక్తాన్ని ఆపుతాయి. కనీసం రెండు గంటలకొకసారి పక్క మార్చడం, పూర్తిగా పక్కకు కాకుండా వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా వాల్చడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడడం, తడిసిన వెంటనే మార్చడం అసలైన వైద్యం. ఎయిర్ బెడ్డు ఈ పనికి తోడ్పడుతుందే తప్ప పక్క మార్చే పనిని తప్పించదు. ఏ వేళకు ఏ వైపు తిప్పారో గోడ మీద కాగితంలో టిక్కు పెడితే పగటి మనిషికీ రాత్రి మనిషికీ మధ్య వాదం ఉండదు. మనిషిని పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి ఈడ్చకుండా, నడుము కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరో వైపు పట్టుకుని లేపి జరపాలి.

పక్షవాతం వచ్చినవారికి మింగడం సరిగా లేనప్పుడు పలచని నీళ్లే ఎక్కువ ప్రమాదం. అన్నం మింగినవారు కూడా నీళ్లకు పొలమారవచ్చు. తింటున్నప్పుడు దగ్గు, తిన్నాక గొంతు బొంగురుగా తడిగా వినిపించడం కనిపిస్తే నోటితో పెట్టడం ఆపి వైద్యుణ్ణి అడగాలి. నోటితో తినిపించినా ట్యూబుతో పోసినా మనిషిని కూర్చోబెట్టి, లేదా తల వైపు బాగా ఎత్తి పెట్టి, అయిన తరువాత కూడా అరగంట నుంచి గంట వరకు అలాగే ఉంచాలి. ట్యూబు ముక్కు దగ్గర వేసిన గుర్తు జరిగిందేమో ప్రతిసారీ చూడాలి. జరిగితే ఏమీ పోయకూడదు. రాగి జావను పలుచగా కాచి, వడకట్టి, గోరువెచ్చగా, సిరంజిని నొక్కకుండా దానంతట అదే దిగేలా పోసి, చివర మంచినీళ్లతో ట్యూబు కడగాలి. యూరిన్ సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందుగా వేలాడాలి కానీ నేలకు తగలకూడదు. చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు సంచిని ఒడిలో పెట్టడం తరచు జరిగే పొరపాటు.

మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బలమున్న వైపు పెట్టి, రెండు బ్రేకులూ వేసి, కాలు పెట్టే పలకలు మడిచి, మనిషి పాదాలు నేలకు ఆనాకనే లేపాలి. పక్షవాతంతో పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది. పక్షవాతం తరువాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వచ్చే మెరుగుదల ఎక్కువ కనుక ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఫిజియోథెరపీని చివరన తగ్గించాలి.

ఒక విషయాన్ని విడిగా చెప్పాలి. నిన్నటి వరకు బాగా మాట్లాడిన పెద్దమనిషి ఈ రోజు హఠాత్తుగా తికమకగా మాట్లాడితే, ఊరికే మత్తుగా పడుకుంటే, దానిని చాదస్తమని వదిలివేయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, చక్కెర తగ్గడం, న్యుమోనియా పెద్దవారిలో జ్వరం లేకుండానే ఇలా బయటపడవచ్చు. మతిమరుపు జబ్బు సాధారణంగా నెలల తరబడి మెల్లగా వస్తుంది, ఒక్క రోజులో రాదు.

డబ్బు, కాగితాలు

ఇంట్లో ఆయా జీతాన్ని భరించే ప్రభుత్వ పథకం మనకు లేదు. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు చివర మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకు పనికివస్తుంది తప్ప ఇంటి ఖర్చుకు కాదు. నేరుగా చేతికి వచ్చేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు రూ. 4,000, దివ్యాంగులకు రూ. 6,000, పక్షవాతం వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి రూ. 15,000 ఇస్తున్నారు. ఈ చివరి వర్గం ఉన్న సంగతి తెలియక మామూలు వృద్ధాప్య పింఛనుతో సరిపెట్టుకునే కుటుంబాలు ఉంటాయి. గ్రామ, వార్డు సచివాలయంలో అడగాలి. తెలంగాణలో వృద్ధులకు రూ. 2,016, దివ్యాంగులకు రూ. 4,016 పింఛను ఉంది. దివ్యాంగుల పింఛనుకు వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం లేదా దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ, సాధారణంగా 40 శాతం వైకల్యం అవసరం. వైకల్యాన్ని మళ్లీ పరీక్షించే సందర్భాలు వస్తాయి కనుక పాత స్కానింగులు, డిశ్చార్జ్ కాగితాలు పారవేయకూడదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఏటా లక్ష రూపాయల వరకు ఉంది; అది థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. ఇటువంటి బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సంరక్షకులు కారు కనుక, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవాలి. ఈ పనిని తల్లిదండ్రులు ఓపిక ఉండగానే పూర్తి చేయాలి.

కదలలేనివారిని బ్యాంకుకు మోసుకుపోవలసిన పని లేదు. 70 దాటినవారికీ దివ్యాంగులకూ ఇంటి వద్ద సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు, పోస్టుమాన్‌ను ఇంటికి పిలిపించుకునీ ఇవ్వవచ్చు.

ఆస్తి రాసి ఇచ్చాక పిల్లలు చూడడం మానేసిన సందర్భంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, న్యాయవాది అక్కరలేదు. చూసుకుంటారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. ఆ షరతు గిఫ్టు పత్రంలో స్పష్టంగా రాసి ఉంటే వాదం సులువవుతుంది. వేధింపు, నిరాదరణ, పింఛను సమస్య ఏదైనా వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోన్ చేయవచ్చు, కాల్ ఉచితం.

దూరంగా ఉన్న పిల్లలు, దగ్గరున్న మనిషి

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, తల్లిదండ్రులు భీమవరంలోనో కరీంనగర్‌లోనో ఉన్నప్పుడు డబ్బు పంపడం సులువైన భాగం. ఆయా రాని ఉదయం తలుపు తట్టగల ఒక మనిషి ఆ ఊళ్లో ఉండాలి, ఆ పనికి ఆ మనిషి ఒప్పుకుని ఉండాలి. హాల్లో కెమెరా పెట్టవచ్చు, కానీ ఆ సంగతి తల్లికీ ఆయాకూ చెప్పి పెట్టాలి; బట్టలు మార్చే మంచం వైపు పెట్టకూడదు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య లెక్క సాధారణంగా డబ్బు గురించే జరుగుతుంది. ఇంట్లో ఉండి రాత్రిళ్లు లేచే కోడలి నిద్ర, ఆమె మానుకున్న ఉద్యోగం ఆ లెక్కలోకి రావు. దూరాన ఉన్నవారు ఏడాదికి కొన్ని వారాలు వచ్చి ఉండి ఆమెను పుట్టింటికో ప్రయాణానికో పంపడం, అది కుదరకపోతే ఆ రోజులకు అదనపు మనిషి జీతం భరించడం ముందుగానే ఒప్పుకోవాలి. ఆమె నడుము పట్టేస్తే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు.

ఇల్లే మంచిదన్న పట్టుదల కూడా ఒక హద్దు వరకే. నయం కాని నొప్పి ఉన్నప్పుడు ఉపశమన చికిత్స విభాగం సాయం అడగడానికి సంకోచించకూడదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ సేవ ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఉపశమన చికిత్స కేంద్రాల బృందాలు ఇళ్లకు కూడా వస్తాయి. పుండు మానకపోయినా, రాత్రులు ఎవరికీ నిద్ర లేకపోయినా కొద్ది వారాలు సంరక్షణ కేంద్రంలో ఉంచడం తల్లిని వదిలేయడం కిందికి రాదు.

చివరిగా ఒక కాగితం తయారుచేయాలి. దాని మీద పేరు, వయసు, జబ్బులు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి, 108కి చెప్పవలసిన ఇంటి గుర్తులు తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి, ఎందుకంటే ఆ సమయంలో ఇంట్లో ఉండేది బహుశా ఆయా ఒక్కతే. దానిని మంచం దగ్గరి గోడకు అతికించి, మందు మారిన ప్రతిసారీ తేదీ వేసి కొత్తది పెట్టాలి.